చెరగని వ్రాత
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయము 25 సంవత్సరములు నిరాటంకముగ నడచి నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఇట్టి శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను ఆహ్వానించినందుకు కార్యవర్గమువారికి నా కృతజ్ఞతలు. సాహిత్యమును గుఱించియో, గ్రంథాలయోద్యమమును గుఱించియో మాటలాడుటకు నాకంటె అర్హులు ఈ వేదికపైననే పలువురు కలరు. నేను ఎలక్ట్రానిక్ పరికరములను పరీక్షించి బాగుచేయు వృత్తిలో నున్నవాడను. కావున నాకు తెలిసిన విషయమునే, అనగా యంత్రముల జ్ఞాపకశక్తిని గుఱించియే, మీతో ముచ్చటింపదలచితిని. ఇది గ్రంథాలయ సభకు తగని విషయమని మీరు తలంపవలదు. వ్రాసినది నిలుచుట, నిలిచినది చదువబడుట, చదివినది సత్యమో కాదో తేల్చుకొనుట అను ఈ మూడును గ్రంథాలయమునకును యంత్రమునకును సమానమైన ధర్మములే.

మన పెద్దలు వ్రాతకు వేఱువేఱు సాధనములను వాడిరి. బాలుడు పలకమీద లెక్క చేసి, పని కాగానే తుడిచివేయును. పండితుడు తాటియాకుపై గంటముతో చెక్కి, మసి పూసి భద్రపఱచును. తాళ్ళపాకవారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో శతాబ్దములు నిలిచియుండుట మీరెఱిగినదే. పలక వేగముగ వ్రాయుటకు అనుకూలము, కాని నిలువదు. రాగిరేకు నిలుచును, కాని వ్రాయుటకు కాలము, శ్రమ పట్టును. ఈ రెండు గుణములును ఒకే వస్తువునందు పూర్ణముగ లభించుట అరుదు. నేటి యంత్రములకు సైతము ఈ నియమము తప్పలేదు.

నేడు విద్యుత్ మీటరునందును, బట్టలుతుకు యంత్రమునందును, మోటారు స్టార్టరునందును గోరంత చిప్పు ఒకటి యుండి పని నడుపుచున్నది. దానిని మైక్రోకంట్రోలరు అందురు. లెక్కలు చేయు భాగము, జ్ఞాపక భాగములు, వెలుపలి తీగలతో మాటలాడు భాగము, ఇవన్నియు ఆ ఒక్క చిప్పులోనే ఇమిడియుండును. విద్యార్థులు విరివిగా వాడు ఆర్డుయినో యూనో పలకపై నున్న ఏటిమెగా 328పి అను చిప్పునే ఉదాహరణముగ గైకొందము. దానిలో మూడు విధముల జ్ఞాపకములు కలవు. మొదటిది ర్యామ్, 2 కిలోబైట్లు. ఇది పలకవంటిది, విద్యుత్తు పోగానే దీనిపై వ్రాత మాయమగును. రెండవది ఫ్లాష్, 32 కిలోబైట్లు. యంత్రము చేయవలసిన పనుల వరుస, అనగా ప్రోగ్రాము, ఇందుండును. మూడవది ఈఈప్రామ్, 1,024 బైట్లు మాత్రమే. యంత్రము తన పని మధ్య తాను గుర్తుంచుకొనవలసిన సంగతులను వ్రాసికొనునది ఇక్కడనే. కడపటి రెండును విద్యుత్తు పోయినను చెరగవు.

విద్యుత్తు లేకయే విద్యుద్వ్రాత ఎట్లు నిలుచును? ఇది సహజమైన ప్రశ్న. 1967లో బెల్ ప్రయోగశాలలయందు డావన్ కాంగ్, సైమన్ జీ అను శాస్త్రజ్ఞులు దీనికి మార్గము చూపిరి. ట్రాన్సిస్టరులో, చుట్టును గాజువంటి అవాహక పదార్థముతో మూయబడిన చిన్న ద్వీపమొకటి ఏర్పఱచిరి. ఆ ద్వీపమునకు తీగ లేదు, ద్వారము లేదు. హెచ్చు విద్యుత్పీడనమును ప్రయోగించినప్పుడు మాత్రము ఎలక్ట్రానులు ఆ పలుచని గోడను దాటి లోపలికి చేరును. పీడనము తీసివేయగానే అవి అక్కడనే బందీలగును. బందీలున్నారా లేరా అను భేదమే 0, 1 అను అక్షరములగును. 1971లో ఇంటెల్ సంస్థయందు డోవ్ ఫ్రోమన్ ఈ ఊహ ఆధారముగ చెరిపి మరల వ్రాయదగిన చిప్పును నిర్మించెను. దానిని చెరుపుటకు చిప్పుపై నున్న కిటికీగుండ అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేయవలసి యుండెడిది. పిమ్మట విద్యుత్తుతోనే చెరుపగల ఈఈప్రామ్ వచ్చినది. తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ విధానమును లోకమునకు ప్రకటించెను.

ఎలక్ట్రానులు గోడను దాటిన ప్రతిసారియు గోడకు కొంత హాని కలుగును. అందువలన ఈ వ్రాతకు ఆయుర్దాయము కలదు. మనము చెప్పుకొనుచున్న చిప్పునందు ఈఈప్రామ్‌లోని ఒక్కొక్క గడిని 1,00,000 పర్యాయములు, ఫ్లాష్‌ను 10,000 పర్యాయములు చెరిపి వ్రాయవచ్చునని తయారీదారుల పత్రము చెప్పుచున్నది. వ్రాసి ముట్టకుండ విడిచినచో 85 డిగ్రీల వేడిమిలో 20 సంవత్సరములు, 25 డిగ్రీలలో 100 సంవత్సరములు వ్రాత నిలుచునని కూడ అందే కలదు. లక్ష యనగానే పెద్ద సంఖ్య యని తోచును. కాని యంత్రమునకు విసుగు లేదు. క్షణమున కొకమారు ఒకే గడిలో వ్రాయుచు పోయినచో లక్ష వ్రాతలు 28 గంటలలోపలనే పూర్తియగును. నిమిషమున కొకమారైన 69 దినములు. గంటకొకమారైన 11 సంవత్సరములకు పైగా. కనుక ఎప్పుడు వ్రాయవలెనో, ఎప్పుడు మానవలెనో తెలియుట ఈ విద్యలో మొదటి పాఠము. ఇదివఱకున్న విలువనే మరల వ్రాయబోవుచున్నచో వ్రాయక విడుచుట రెండవ పాఠము.

ఇక చదువుట, వ్రాయుట జరుగు విధమును సంగ్రహముగ మనవిచేయుదును. చదువుట సులభము. ఏ గడి కావలెనో దాని సంఖ్యను చిరునామా రిజిస్టరులో నుంచి, చదువుమను బిట్టును లేపినచో, ఆ గడిలోని విలువ దత్తాంశ రిజిస్టరులోనికి వచ్చును. ఇందుకై చిప్పు నాలుగు గడియార స్పందనముల కాలము ఆగును. సెకనుకు 1 కోటి 60 లక్షల స్పందనములతో నడచు పలకయందు ఇది మైక్రో సెకనులో నాలుగవ వంతు మాత్రమే.

వ్రాయుట అట్లు కాదు. బ్యాంకులో పెట్టె తెఱచుటకు రెండు తాళపుచెవులు కావలసినట్లు, ఇక్కడ రెండు బిట్టులు కావలెను. మొదటి బిట్టును లేపి, నాలుగు స్పందనములలోపల రెండవ బిట్టును లేపవలెను. ఆలస్యమైనచో మొదటి చెవి తనంతట వెనుకకు తిరిగిపోవును, వ్రాత జరుగదు, జరుగలేదని యంత్రము కేక వేయదు. దారితప్పిన ప్రోగ్రాము పొరపాటున వ్రాయకుండుటకై చేసిన ఏర్పాటిది. ఈ రెంటి నడుమ మఱియొక అత్యవసర కార్యము, అనగా ఇంటరప్ట్, తలదూర్చినచో గడువు మించిపోవును. అందుచేత ఆ రెండు అడుగులు వేయునంతవఱకు ఇంటరప్టులను ఆపియుంచవలెను. ఆజ్ఞ అందిన పిమ్మట ఒక్క బైటును చెరిపి వ్రాయుటకు సుమారు 3.4 మిల్లీ సెకనులు పట్టును. మనకది రెప్పపాటుకంటె తక్కువ. చిప్పునకు మాత్రము అది 54 వేల స్పందనముల దీర్ఘకాలము. ఈ దీర్ఘకాలములోనే ఆపదలు పొంచియుండును.

ఈ ఆపద ఎట్టిదో నేను స్వయముగ పరిశీలించిన ఒక సంగతి వలన మీకు తేటతెల్లమగును. ఒక గ్రామమున నలుగురు రైతులు ఒక బోరుబావిని పంచుకొనుచుండిరి. మోటారు మరమ్మతు వ్యయమును ఎవరెన్ని గంటలు నడపిరో అన్ని వంతుల చొప్పున భరింపవలెనని వారి ఒప్పందము. చదువుకొన్న యువకుడొకడు వారికొక లెక్కింపు పెట్టెను చేసియిచ్చెను. నలుగురికి నాలుగు మీటలు. ఎవరి మీట నొక్కి మోటారు నడపిన వారి ఖాతాలో పావుగంటకు ఒకటి చొప్పున అంకె పెరుగును. లెక్క ర్యామ్‌లో సాగును. కరెంటు పోవుచున్నట్లు పసిగట్టిన క్షణమున పెట్టె తనలోని కెపాసిటరునందు మిగిలిన విద్యుత్తుతో ఆ లెక్కను ఈఈప్రామ్‌లో వ్రాసికొనును. వ్రాతలు తక్కువయగుటచే గడుల ఆయువు కాపాడబడునని చేసిన ఏర్పాటిది. ఆలోచన మంచిదే.

కొన్ని మాసములు పెట్టె చక్కగ పనిచేసినది. ఒకనాటి సాయంకాలము, నలుగురిలో చిన్న కమతము గల రైతు ఖాతా 63 గంటలు చూపుచుండెను. అతడు మరొక గంట నడపెను. ఇంతలో కరెంటు పోయినది. మఱునాటి ఉదయము కరెంటు వచ్చి చూడగా 64కు బదులు 127 కనబడెను. ఒక్క రాత్రిలో 63 గంటలు అధికము! ఒక రాత్రికి అన్ని గంటలుండవని ఎవ్వరును తర్కింపలేదు. ఇంతకుముందు దొంగతనముగ నడపినదంతయు ఇప్పుడు బయటపడినదని ఒకరనిరి. "తమ్ముడూ, మనిషి అబద్ధమాడతాడేమో గాని యంత్రం ఆడుతుందా?" అని వేఱొకరు నిష్ఠురముగ పలికిరి. "అన్నా, నా పిల్లల మీద ఒట్టు, నా వంతు దాటి మీట ముట్టలేదు" అని అతడు మొఱపెట్టుకొనెను. పది మందిలో మాట పోయినదన్న బాధ ధనవ్యయముకంటె అతనిని ఎక్కువ క్రుంగదీసెను. నన్ను పిలిపించునప్పటికి వారిలో ఇరువురికి మాటలు లేవు.

పెట్టెను బాగుచేయుటకు ప్రోగ్రామును మరల ఎక్కించి చూతమని ఒక యువకుడు త్వరపడెను. దానిని వారించితిని. పరిశోధనలో మొదటి సూత్రమేమనగా, ఉన్నదానిని ఉన్నట్లుగ నకలు తీసికొనక దేనిని ముట్టరాదు. ప్రత్యేకమైన ప్రోగ్రామర్ పరికరముతో చిప్పును పూర్తిగ చెరిపి క్రొత్త ప్రోగ్రామును ఎక్కించునప్పుడు, ఈఈప్రామ్‌ను కాపాడుమను ఫ్యూజు అమర్చియుండనిచో, అందలి వ్రాతయు ప్రోగ్రాముతోబాటు చెరిగిపోవును. అట్లు జరిగినచో ఆ రైతు నిర్దోషిత్వమునకు గల ఏకైక సాక్ష్యము నశించియుండెడిది. కనుక ముందుగ 1,024 బైట్లను కంప్యూటరులోనికి చదివి, రెండవసారి చదివి, రెండు నకళ్లును ఒక్కటే యని సరిచూచి భద్రపఱచితిమి.

పిదప ఆ రైతు ఖాతాకు చెందిన రెండు గడులను పరిశీలించితిమి. ఒక బైటులో 0 మొదలు 255 వఱకే సంఖ్యలు పట్టును. అంతకు మించిన లెక్కకు రెండు గడులు కావలెను. క్రింది గడి ఒకట్ల స్థానమనుకొన్నచో పై గడి 256ల స్థానము. మన లెక్కలో 9 తరువాత 10 వచ్చునప్పుడు ఒకట్ల స్థానము సున్నయై పదుల స్థానము ఒకటి యగునట్లే, ఇక్కడ 255 తరువాత క్రింది గడి 0, పై గడి 1 కావలెను. పెట్టె పావుగంటలను లెక్కించునది కదా! 63 గంటలనగా 252 పావుగంటలు. అనగా పై గడిలో 0, క్రింది గడిలో 252. 64 గంటలనగా 256. అనగా పై గడిలో 1, క్రింది గడిలో 0. కాని మాకు కనబడినదేమి? పై గడిలో 1, క్రింది గడిలో 252! రెండును కలిపిన 508 పావుగంటలు. అనగా 127 గంటలు. పై గడి క్రొత్త లెక్క, క్రింది గడి పాత లెక్క. అది వ్రాత కాదు, సగము వ్రాత. దస్తావేజులో మొదటి పుట ఈ సంవత్సరముది, రెండవ పుట గత సంవత్సరముది కుట్టినట్లున్నది.

ఇట్లేల జరిగినది? పెట్టెలోని కెపాసిటరు 100 మైక్రోఫారడ్లది. పరికరము 15 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును వాడుచుండెను. లెక్క వేయగా 5 వోల్టుల పీడనము 4.3 వోల్టులకు దిగుటకు సుమారు 4.7 మిల్లీ సెకనులు పట్టును. 4.3 వోల్టుల వద్ద, పీడనము తగ్గినదని కనిపెట్టు కాపలా భాగము ప్రోగ్రామును నిలిపివేయును. ఇది మంచిదే, ఏలయనగా తక్కువ పీడనములో చిప్పు తప్పుడు ఆజ్ఞలను నడపి జ్ఞాపకమును పాడుచేయవచ్చును. కరెంటు నిజముగ పోయినదని నిర్ధారించుకొనుటకు ప్రోగ్రామునకు 2 మిల్లీ సెకనులు పోయెను. తరువాత మొదటి బైటు వ్రాత మొదలైనది. అది ముగియకమునుపే కాపలా భాగము ప్రోగ్రామును ఆపినది. మొదలైన వ్రాతను, తగినంత పీడనమున్నంతవఱకు, చిప్పు తనంతట ముగించును. కావున మొదటి బైటు పూర్తియైనది. రెండవ బైటును మొదలుపెట్టుటకు ప్రోగ్రాము మేల్కొని లేదు.

మఱి అన్ని మాసములు దోషము బయటపడకుండుటకు కారణమేమి? ప్రోగ్రాము మాఱిన బైటును మాత్రమే వ్రాయునది. సాధారణముగ క్రింది గడి ఒక్కటే మాఱును. ఒక్క వ్రాతకు చాలినంత విద్యుత్తు ఉండెను. 255ను దాటునప్పుడు మాత్రమే రెండు గడులును మాఱును. 64 గంటల గడపను దాటిన పిమ్మట తొలిసారి కరెంటు పోయినప్పుడే ఈ దోషము తల యెత్తును. ఆ గడపను ముందుగ దాటినవాడు ఆ పేద రైతు. అంతే అతని అపరాధము.

ఊహ ఎంత అందముగ నున్నను పరీక్షకు నిలువనిదే సత్యము కాదు. కావున అటువంటి వేఱొక పలకపై అదే ప్రోగ్రామును ఎక్కించి, 63 గంటలను ముందుగ నింపి, 64 కాగానే కరెంటు తీసితిమి. 127 వచ్చినది. పది పర్యాయములు చేసినను అదియే. 40 నుండి 41కి పెంచి కరెంటు తీసినప్పుడు పది పర్యాయములును సరియైన లెక్కయే వచ్చినది. ఈ రెండు పరీక్షలును నలుగురు రైతుల కన్నులయెదుటనే జరిగినవి. సుద్దతో నేలమీద రెండు గళ్లు గీచి 252, 0, 1 అను అంకెలను మార్చి చూపగా, బడికి పోని వృద్ధ రైతు అందఱికంటె ముందు గ్రహించెను. "అయితే యంత్రం అబద్ధమాడలేదు, మాట మధ్యలో గొంతు పోయిందన్నమాట" అని ఆయన అనెను. ఇంతకంటె చక్కని వివరణము నేనీయలేను. నిష్ఠురమాడిన రైతు లేచి వచ్చి తన పొరుగువాని చేయి పట్టుకొనెను.

దోషము తెలిసిన పిమ్మట చికిత్స కష్టము కాదు. మన గ్రంథాలయపు దాఖలా పుస్తకమే ఇందుకు మార్గదర్శి. అందులో పాత పద్దును గీకి దానిపై క్రొత్తది వ్రాయరు. క్రొత్త వరుసలో, క్రొత్త సంఖ్యతో వ్రాసి, చివర సంతకము చేయుదురు. సంతకము లేని పద్దు చెల్లదు. పెట్టెకును ఈ పద్ధతినే నేర్పితిమి. ఒక్కొక్క పద్దునకు నాలుగు బైట్లు: ఒకటి వరుస సంఖ్య, రెండు లెక్క, చివరిది సరిచూపు బైటు. సరిచూపు బైటనగా ముందున్న మూడింటినుండి ఒక సూత్రము ప్రకారము గణించిన సంఖ్య. 1961లో వెస్లీ పీటర్సన్ ప్రకటించిన సీఆర్‌సీ అను విధానము ఇందుకు ప్రసిద్ధమైనది. ఇదియే యంత్రపు సంతకము. దీనిని కట్టకడపట వ్రాయవలెను. 1,024 బైట్లలో ఇట్టి పద్దులు 256 పట్టును. నలుగురికి తలకు 64 వరుసలు. క్రొత్త పద్దు ఎప్పుడును వేఱొక వరుసలోనే పడును. కడపటి మంచి పద్దును ఎవ్వరును ముట్టరు. కరెంటు వచ్చినప్పుడు పెట్టె అన్ని వరుసలను చదివి, సంతకము సరిపోయిన వానిలో క్రొత్తదానిని గైకొనును. వ్రాత నడుమ కరెంటు పోయినచో ఆ పద్దు చెల్లదు, ముందటిది చెల్లును. పోయిన యెడల ఒక పూట లెక్క పోవునేమో గాని, లేని లెక్క పుట్టదు.

దీనివలన మఱియొక లాభము కూడ కలిగినది. 64 వరుసలు వంతులవారీగ వాడబడుటచే ఒక్కొక్క ఖాతాలో 64 లక్షల పర్యాయములు వ్రాయవచ్చును. కాబట్టి కరెంటు పోవువఱకు ఆగక పావుగంటకొకమారు వ్రాసినను గడులు అరుగునను భయము లేదు. కెపాసిటరును 470 మైక్రోఫారడ్లకు పెంచితిమి. సుమారు 22 మిల్లీ సెకనుల కాలము చిక్కినది. నాలుగు బైట్లకు, ముందటి నిర్ధారణకు కలిపి కావలసినది 16లోపలనే. అయినను ఈ బలమునే నమ్ముకొనలేదు. కెపాసిటర్లు ఏండ్లు గడచినకొలది బలహీనపడును. సంతకపు పద్ధతి మాత్రము వార్ధక్యము నెఱుగదు. ఒక్క పద్దునకు కూడ సంతకము సరిపోనిచో సున్న చూపరాదనియు, లెక్క తెలియదను గుర్తును చూపవలెననియు నియమించితిమి. తెలియనప్పుడు తెలియదని చెప్పుట మనుష్యునకు వలెనే యంత్రమునకును భూషణమే.

ఈ విద్యయందు ఆసక్తి గల విద్యార్థులు ఈ సభలో ఉందురు. వారికై కొన్ని గుర్తులు చెప్పెదను. చెరిపిన గడి 0ను కాక 255ను చూపును. కనుక రెండు బైట్ల లెక్క 65,535 అని కనబడినచో అది మహాసంఖ్య కాదు, వ్రాయని ఖాళీ పుట. 1,000 ఉండవలసిన చోట 59,395 కనబడినచో రెండు బైట్లు తారుమారుగ చదువబడినవని తెలిసికొనుడు. 3, 232 అను బైట్లను అటునిటు చేసి గుణించి చూచిన మీకే తెలియును. తప్పు 256 చుట్టు తిరుగుచున్నచో సగము వ్రాతను అనుమానింపుడు. ప్రోగ్రామును మార్చిన తరువాత పాత లెక్కలన్నియు ఒక్కసారిగ అర్థము లేనివైనచో గడుల అమరిక జరిగియుండును. అందుచే అమరికకు సంచిక సంఖ్య నొకదానిని మొదట వ్రాసియుంచుట మంచిది. అప్పుడప్పుడు మాత్రమే వ్రాత తప్పిపోవుచున్నచో రెండు తాళపుచెవుల నడుమ ఇంటరప్ట్ చొరబడుచున్నదేమో చూడుడు. ఒకే గడి మాటిమాటికి వ్రాసినది నిలుపకున్నచో అది అరిగిపోయినదని యెఱుగుడు. వ్రాసిన పిమ్మట మరల చదివి సరిచూచుకొనువానికి ఈ కడపటి దోషము దాగియుండజాలదు.

చిప్పులు మాఱుచుండును. నేడు పెక్కు మైక్రోకంట్రోలరులలో విడిగ ఈఈప్రామ్ ఉండదు. ఫ్లాష్‌లోనే కొంత భాగమును అందుకు కేటాయింతురు. అక్కడ ఒక్క బైటును చెరుపుట వీలుగాదు. పెద్ద ఖండమునంతయు ఒకేసారి చెరుపవలెను. అందువలన పద్దులను వరుసగ చేర్చుచు పోయి, ఖండము నిండిన పిమ్మట చెల్లుబాటగు పద్దులను వేఱొక ఖండమునకు తరలించి, అటుపిమ్మటనే పాతదానిని చెరుపుదురు. ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థముతో చేసిన జ్ఞాపకములు కూడ కలవు. అవి నిరీక్షణ లేకయే వ్రాయును, లక్షల కోట్ల వ్రాతలకు తట్టుకొనును. సాధనమేదైనను సంతకము లేని పద్దును నమ్మరాదను సూత్రము మాఱదు. ఎంత వేగముగ వ్రాయు చిప్పునందైనను రెండు వ్రాతల నడుమ కరెంటు పోవు క్షణమొకటి యుండనే యుండును.

మహాజనులారా! చెరగని వ్రాత యన్నంత మాత్రమున అది సత్యమైన వ్రాత యగుననుకొనరాదు. రాగిరేకుపై తప్పు చెక్కినచో ఆ తప్పును వేయేండ్లు నిలుచును. నిలుచుట వ్రాతకు బలము. సరిచూచుకొన వీలుగా వ్రాయబడుట దాని ధర్మము. యంత్రము చూపిన అంకెను వేదవాక్యముగ భావించి పొరుగువానిని దొంగ యనుటయు, యంత్రములన్నియు మోసమని త్రోసివేయుటయు, రెండును చదువు లేమి వలన కలుగునవే. అంకె వెనుక ఏమి వ్రాయబడియున్నదో తెఱచి చదువగలవాడు ఊరికొక్కడున్నను ఎన్నియో కలహములు తీఱును. మీటరులోను, ఓటు యంత్రములోను, బ్యాంకు కార్డులోను మన జీవితపు లెక్కలు ఇట్టి గడులయందే వ్రాయబడుచున్న ఈ కాలమున, ఆ లిపిని చదువ నేర్చుట గూడ అక్షరాస్యతలో భాగమే యని నా మనవి.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటినుండి మన ఊళ్లలో గ్రంథాలయములు ఇతరులు వ్రాసినదానిని మనము స్వయముగ చదివి తేల్చుకొను అలవాటును నేర్పుచు వచ్చినవి. ఈ గ్రంథాలయమువారు ఇతర శాస్త్రగ్రంథములతోబాటు మైక్రోకంట్రోలరులను గుఱించిన తెలుగు పుస్తకములను, పిల్లలు చేతితో ముట్టి నేర్చుకొనుటకు రెండు మూడు చిన్న పలకలను కూడ సమకూర్చినచో ఎంతయో మేలు కలుగును. వాని వెల సాధారణ పుస్తకముల వెలకు మించి పెద్దగ ఉండదు.

ఈ సంస్థ స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక యనియు, ఆనాటికి దాని దాఖలా పుస్తకములో ప్రతి పద్దును సంతకముతో నిండియుండుగాక యనియు కోరుచు ఇంతటితో విరమించుచున్నాను.